చెవులు మూసుకుని బండి నడిపేవాడి వాదన

బండి మీద పోయేవాడి చెవుల్లో ఇయర్‌ఫోన్లు కనిపిస్తే చాలు, చూసేవాళ్ళు తీర్పు చెప్పేస్తారు: వీడికి ప్రాణం మీద తీపి లేదు. హారన్ వినపడదు, అంబులెన్స్ వినపడదు, వెనక లారీ వస్తున్నా తెలీదు, పాటలు వింటూ ఏ లోకంలోనో ఉంటాడు. ఈ తిట్లలో కొంత నిజం ఉంది. కానీ అన్నీ కలిపి ఒకేసారి తిట్టడం వల్ల అసలు ప్రమాదం ఎక్కడుందో ఎవరికీ కనపడట్లేదని నా బాధ. చెవి మూయడం ఒక పని. మూసిన చెవిలోకి శబ్దం పంపడం ఇంకో పని. ఆ శబ్దానికి మనసు అప్పగించడం మూడో పని. మూడూ ఒకే వస్తువుతో జరుగుతాయి కాబట్టి ఒకటే అనుకుంటున్నాం. నా మటుకు నేను మొదటిదాన్ని గట్టిగా సమర్థిస్తాను. రెండోదానికి షరతులు పెడతాను. మూడోదాన్ని అస్సలు ఒప్పుకోను.

ముందు గాలి సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ గొడవంతా గాలిని మర్చిపోవడం వల్ల వచ్చిందే.

బండి నడపనివాళ్ళు హెల్మెట్ లోపల ప్రశాంతంగా ఉంటుందనుకుంటారు. నడిపేవాళ్ళలో కూడా చాలామంది లోపల వినపడే హోరు ఇంజనుదే అనుకుంటారు. నిజానికి వేగం కాస్త అందుకోగానే ఇంజను చప్పుడు వెనకబడిపోతుంది, హెల్మెట్‌ని ఒరుసుకుంటూ పోయే గాలి చప్పుడే మిగులుతుంది. గంటకు 65 కిలోమీటర్ల వేగంలోనే చెవి దగ్గర శబ్దం 90 డెసిబెల్స్ దరిదాపులకు వస్తుంది. వేగం 100 దాటితే 100 డెసిబెల్స్‌కి కాస్త అటూ ఇటూ. హెల్మెట్‌ని బట్టి, ముందున్న విండ్‌షీల్డ్‌ని బట్టి, మనిషి ఎత్తుని బట్టి ఇది మారుతుంది. అయినా మంచి హెల్మెట్ కొనుక్కుంటే చాలు, ఇక గొడవ లేదు అనుకునేంత తేడా రాదు. ఎందుకంటే హెల్మెట్ సన్నటి, కీచుమనే శబ్దాలను బాగానే ఆపుతుంది, గాలి హోరులో ఎక్కువ పాలు ఉండే గుమ్మనే బండ శబ్దాలను దాదాపు వదిలేస్తుంది. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంతో కలిసి పనిచేసిన పరిశోధకులు విండ్ టన్నెల్‌లోనూ (గాలిని కావలసిన వేగంతో వీచి పరీక్షించే గది) రోడ్డు మీదా కొలతలు తీసి 2011లో ప్రచురించారు. చెవిని చేరే హోరులో చాలా భాగం హెల్మెట్ అడుగున, గడ్డం ముందుండే భాగం దగ్గర పుడుతోందని వాళ్ళు తేల్చారు. మెడ చుట్టూ ఒక గుడ్డ బిగించి కట్టుకుంటే హోరు కొంత తగ్గినట్టు అనిపించడానికి కారణం ఇదే అయ్యుంటుంది.

డెసిబెల్ లెక్క మన మామూలు లెక్కలాంటిది కాదు. 3 పెరిగితే శబ్ద శక్తి రెట్టింపు, 10 పెరిగితే పది రెట్లు. అమెరికాలో పనిచేసే చోట ఆరోగ్య భద్రత చూసే సంస్థ నియోష్, 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలకు మించి ఉండొద్దంటుంది. ఆ పైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట. 100 దగ్గర 15 నిమిషాలు. ఇది పనిచేసేవాళ్ళ కోసం వేసిన లెక్కే గానీ, చెవికి ఆ తేడాలు తెలీవు. హైవే మీద టీ కోసం మొదటిసారి ఆగేలోపే ఆ రోజుకి రావలసిన మోతాదు అయిపోతుంది.

దూర ప్రయాణం చేసి దిగాక చెవులు దిబ్బడ వేసినట్టు ఉండటం, రాత్రి పడుకున్నాక గుయ్‌మని మోత వినపడటం బండి మీద తిరిగేవాళ్ళకి అలవాటే. తెల్లారేసరికి తగ్గిపోతుంది కాబట్టి ఏమీ కాలేదనుకుంటాం. ఒక్కో చెవి లోపల శబ్దాన్ని పసిగట్టే కేశకణాలు సుమారు 15 వేలు ఉంటాయి. మనుషుల్లో అవి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. ముందుగా దెబ్బతినేది సాధారణంగా 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నటి శబ్దాలను పట్టే ప్రాంతం. అక్కడ పోతే మొదట్లో తెలీదు, ఎదుటివాళ్ళు నంగి నంగిగా మాట్లాడుతున్నారనిపిస్తుంది అంతే. బ్రిటన్‌లో ఆండ్రూ మెకూంబ్ అనే చెవి, ముక్కు, గొంతు సర్జన్ 1990లలో దీని మీద పనిచేశారు. గ్రాండ్ ప్రి మోటార్‌సైకిల్ రేసర్ల చెవులను పరీక్షిస్తే వినికిడి నష్టం కనపడింది. రేసర్లకు కదా, మనకెందుకు అనుకోవచ్చు. కానీ రోజూ హైవే మీద ఆఫీసుకి వెళ్ళొచ్చేవాడు ఏడాది మొత్తంలో గాలిలో గడిపే గంటలు తక్కువేం కాదు.

కాబట్టి నా మొదటి మాట: వేగంగా పోయే రోడ్డు మీద చెవులు మూసుకోవడం నిర్లక్ష్యం కిందకి రాదు. చెవులు తెరుచుకుని పోవడమే నిర్లక్ష్యం.

ఇక్కడే అందరూ ఆపుతారు. మరి హారన్ ఎలా వినపడుతుంది?

ఒక శబ్దం వినపడాలంటే అది ఎంత పెద్దదన్నది కాదు, చుట్టూ ఉన్న రొదకంటే ఎంత పైన ఉందన్నది లెక్క. ఇయర్‌ప్లగ్ (శబ్దం ఆపడానికి చెవిలో దూర్చే బిరడా) పెట్టుకుంటే హారనూ తగ్గుతుంది, దాన్ని మింగేస్తున్న గాలి హోరూ తగ్గుతుంది. రెండింటి మధ్య తేడా దాదాపు అలాగే ఉంటుంది. పైగా చాలా పెద్ద శబ్దంలో చెవి లోపలి యంత్రాంగమే తడబడుతుంది. బండ శబ్దాలు తమకంటే సన్నటి శబ్దాలను కూడా కప్పేస్తాయి, మోత పెరిగేకొద్దీ ఆ కప్పేయడం ఇంకా ఎక్కువవుతుంది. మొత్తం స్థాయి తగ్గితే ఆ తడబాటు తగ్గుతుంది. మిట్ట మధ్యాహ్నం ఎండలో చలవ కళ్ళద్దాలు పెట్టుకున్నవాడికి తక్కువ వెలుతురులో ఎక్కువ కనపడినట్టే ఇదీ. మోత ఉన్న ఫ్యాక్టరీల్లో, చెవులకి రక్షణ పెట్టుకున్న మామూలు వినికిడి ఉన్నవాళ్ళకి పక్కవాళ్ళ అరుపులు మరింత స్పష్టంగా వినపడతాయన్నది చాలాకాలంగా తెలిసిన విషయమే.

దీనికి రెండు మినహాయింపులున్నాయి, దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. ఇప్పటికే వినికిడి తగ్గినవాళ్ళకి ఈ లెక్క పనిచేయదు. మూస్తే, హారన్ వాళ్ళకి వినపడే గీత కంటే కిందికి పోవచ్చు. రెండోది, ఈ లెక్కంతా గాలి హోరు ఉన్నప్పటిదే. 30, 40 కిలోమీటర్ల వేగంతో ఊళ్ళో సందుల్లో తిరుగుతున్నప్పుడు గాలి పెద్ద సమస్య కాదు. అక్కడ చెవి మూస్తే పోగొట్టుకునేదే ఎక్కువ. పక్కన సైకిల్ గంట, వెనక నుంచి దూరబోతున్న బండి, ఎవరో పిల్లవాణ్ణి కేకేయడం, ఇవన్నీ మనకి కావలసిన శబ్దాలు.

ఇప్పుడు అసలు ఇయర్‌ఫోన్ల దగ్గరికొద్దాం. చెవి లోపలికి దూరి కూర్చునే రకం, సిలికాన్ టిప్పో ఫోమ్ టిప్పో ఉండేది, పాట ఆపేస్తే ఒక రకం ఇయర్‌ప్లగ్గే. టిప్ సైజు సరిగ్గా కుదిరితే 20 డెసిబెల్స్ చుట్టుపక్కల తగ్గిస్తుంది. ఫోమ్ టిప్ అయితే ఇంకొంచెం ఎక్కువ. కుదరకపోతే మాత్రం ఏమీ లేనట్టే, ఎందుకంటే చిన్న సందు దొరికినా ముందుగా లోపలికి వచ్చేవి బండ శబ్దాలే. గాలి హోరు అదే జాతి. ప్యాకెట్లో మూడు సైజుల టిప్పులు ఇస్తారు, చాలామంది మధ్యది తగిలించుకుని మిగతావి ఎక్కడో పడేస్తారు. రెండు చెవులకీ వేర్వేరు సైజులు కావలసి రావడం కూడా వింతేమీ కాదు. విడిగా ఫోమ్ ప్లగ్గులు వాడేవాళ్ళూ ఇదే పొరపాటు చేస్తారు. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకుని ఉండాలి. ఊరికే ద్వారం దగ్గర తగిలించి వదిలేస్తే, ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందని పెట్టెమీద రాశారో అందులో సగం కూడా రాదు.

హెల్మెట్ ఇంకో పరీక్ష. కిందికి కాడ వేలాడే రకం బడ్స్ హెల్మెట్ దూర్చేటప్పుడు మెత్తకి తగిలి వంకరపోతాయి. బయటికి ఉబ్బుగా ఉండేవి అరగంటలో చెవి నొప్పి పుట్టిస్తాయి. చెవి గుంటలో పూర్తిగా ఇమిడిపోయి, బయటికేమీ రాని రకం ఒక్కటే హెల్మెట్ కింద పనికొస్తుందని నా అభిప్రాయం. గట్టి ప్లాస్టిక్ ముక్క చెవికీ హెల్మెట్‌కీ మధ్య ఒత్తుకుని ఉండటం మామూలుగానే బాగుండదు, కింద పడితే అసలే బాగుండదు. టచ్ కంట్రోల్స్ ఉంటే ఆపేయండి. లేదంటే తల తిప్పినప్పుడల్లా హెల్మెట్ మెత్తే పాట మారుస్తుంది, లేదా ఎవరికో ఫోన్ కలిపేస్తుంది.

నాయిస్ క్యాన్సలేషన్, అంటే బయటి రొదని మైకుతో పట్టి ఎదురు శబ్దంతో రద్దు చేసే ఏర్పాటు గురించి అందరూ అడుగుతారు. అది బండ శబ్దాల మీదే బాగా పనిచేస్తుంది కాబట్టి గాలి హోరుకి సరిగ్గా సరిపోవాలి. కాగితం మీద అంతే. బండి మీద మైకు చుట్టూ గాలి సుడులు తిరుగుతుంటాయి, హెల్మెట్ లోపల గాలి ఒత్తిడి కొట్టుకుంటూ ఉంటుంది, దాంతో కొన్ని బడ్స్ తబ్బిబ్బై సొంతంగా ధబ్‌ధబ్‌మనే చప్పుడొకటి చేరుస్తాయి. నేను దాన్ని లెక్కలోకి తీసుకోను. టిప్ చెవిని ఎంత మూస్తోందో అంతే మనది, మిగతాది వస్తే మంచిదే. బయటి శబ్దాన్ని మైకుతో లోపలికి పంపే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ మాత్రం హైవే మీద ఎవరూ వాడకూడదు. గాలి హోరు తప్పించుకోవడానికి చెవి మూసి, మళ్ళీ అదే హోరుని స్పీకర్లో వినడం ఏమిటి!

ఇప్పుడు రెండో పని, శబ్దం లోపలికి పంపడం. ఇక్కడ చిన్న కూడిక చేద్దాం. చెవి దగ్గర గాలి 100 డెసిబెల్స్ ఉందనుకుందాం. కుదురుగా కూర్చున్న టిప్ 20 తగ్గిస్తే లోపలికి చేరేది 80. పాటో, దారి చెప్పే గొంతో వినపడాలంటే అదీ 80 దగ్గర ఉంటే చాలు. 80, 80 కలిస్తే 160 కాదు, 83. ఇప్పుడు హెల్మెట్ లోపల చెవి దగ్గర అతికించే స్పీకర్లు చూడండి. అవి చెవిని మూయవు. గాలి 100 అలాగే ఉంటుంది, పాట దాని మీద వినపడాలంటే అదీ 100 ఉండాలి. మొత్తం 103. నియోష్ లెక్కలో 103 అంటే ఏడెనిమిది నిమిషాలు. చెవి బయట ఎముక మీద ఆనించుకుని, ఎముక అదురు ద్వారా వినిపించే రకానికీ ఇదే జబ్బు. చెవి తెరిచే ఉంటుంది కదా, అదే సేఫ్ అని అమ్ముతారు. మెల్లగా నడిచేవాడికి నిజమే, హెల్మెట్ లోపల గాలిలో మాత్రం వాల్యూమ్ తారస్థాయికి పోతుంది.

చట్టాల తమాషా ఇక్కడే ఉంది. ఫ్రాన్స్ 2015 జూలై 1 నుంచి వాహనం నడిపేవాళ్ళు చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు, చెవి మీద పెట్టుకునే హెడ్‌ఫోన్లు నిషేధించింది, సైకిలు వాళ్ళతో సహా. హెల్మెట్‌లో అమర్చిన స్పీకర్లకి మాత్రం అడ్డు లేదు. అంటే చెవికి తక్కువ శబ్దం చేరే దారి నేరం, ఎక్కువ చేరే దారి చట్టబద్ధం. కాలిఫోర్నియాలో రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు ఉండకూడదు, ఒక చెవిలో ఉండొచ్చు. హానికర శబ్దాన్ని తగ్గించడానికే తయారుచేసిన ఇయర్‌ప్లగ్గులకి అక్కడ మినహాయింపు ఉంది, అది తెలివైన పని. చట్టాలు రాసేవాళ్ళని నేను తప్పుపట్టలేను. రోడ్డు పక్కన నిలబడ్డ పోలీసుకి చెవిలో వైరు కనపడుతుంది, వాల్యూమ్ కనపడదు. కనపడేదాన్నే నిషేధించగలరు. మీరు తిరిగే చోట నిషేధం ఉంటే వాదించకుండా ఫోమ్ ప్లగ్గులు పెట్టుకోండి, ఈ వ్యాసంలో సగం లాభం వాటితోనే వచ్చేస్తుంది.

ఒక చెవిలో పెట్టుకోవడం గురించి ఒక మాట. అది మధ్యేమార్గంలా కనపడుతుంది, నా దృష్టిలో రెండు విధాలా నష్టం. శబ్దం ఏ వైపు నుంచి వచ్చిందో మెదడు రెండు చెవులనీ పోల్చి కనిపెడుతుంది. పక్క నుంచి వచ్చే శబ్దం రెండో చెవికి చేరడానికి పట్టే ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా ఆ కాస్త తేడాతోనే దిక్కు తెలుస్తుంది. ఒక చెవి మూస్తే ఆ పోలిక చెడిపోతుంది. తెరిచి ఉన్న చెవి ఏమో గాలికి బలవుతూనే ఉంటుంది.

ఇంతదాకా ఇయర్‌ఫోన్ల తరఫున మాట్లాడాను. ఇక అవతలి పక్షం తీసుకుంటాను.

పైన వేసిన కూడిక మనిషి వాల్యూమ్‌ని 80 దగ్గర ఆపుతాడన్న నమ్మకం మీద నిలబడింది. ఆపుతాడా? నాకు నమ్మకం లేదు. పాట బాగుంటే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. పాట గాలిని దాటి పది డెసిబెల్స్ పైకి వెళ్ళిందంటే మనం ఇందాక చెప్పుకున్న హారన్ లెక్క తలకిందులవుతుంది. అప్పటిదాకా హారన్ పోటీ పడింది తగ్గిన గాలితో. ఇప్పుడు మనమే కోరి తెచ్చుకున్న ఇంకో రొదతో పోటీ పడాలి. పైగా ఇప్పటి పాటల రికార్డింగులో మొదటి నుంచి చివరి దాకా ఖాళీయే ఉండదు, అంతా ఒకే మోతగా నింపేస్తారు. సైరన్ దూరడానికి సందుండదు. మాటల కార్యక్రమంలో కనీసం మనిషి ఊపిరి పీల్చుకునే విరామాలుంటాయి. ఇజ్రాయెల్‌కి చెందిన పరిశోధకుడు వారెన్ బ్రాడ్‌స్కీ డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద చేసిన ప్రయోగాల్లో, పాట వేగం పెరిగేకొద్దీ నడిపేవాళ్ళ వేగమూ, రూల్స్ తప్పడమూ పెరిగాయి. ఎవరికి వాళ్ళు గుర్తు తెచ్చుకుంటే ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

ఫోన్ కాల్స్ విషయంలో నాకు రాజీ లేదు. 2001లో డేవిడ్ స్ట్రేయర్, విలియమ్ జాన్‌స్టన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు డ్రైవింగ్‌ని పోలిన పని ఒకటి చేయిస్తూ ఫోన్లో మాట్లాడించారు. సిగ్నళ్ళు చూడకుండా పోవడం ఎక్కువైంది, చూసినా స్పందించడం ఆలస్యమైంది. ఫోన్ చేత్తో పట్టుకున్నా, హ్యాండ్స్‌ఫ్రీ అయినా తేడా లేదు. రేడియో వినేవాళ్ళకీ, చదివి వినిపించే పుస్తకం వినేవాళ్ళకీ ఆ నష్టం కనపడలేదు. అంటే చెడగొట్టింది చెవిలో శబ్దం కాదు, జవాబు చెప్పాల్సి రావడం. వెనక సీట్లో కూర్చున్న మనిషి మలుపు రాగానే మాట ఆపుతాడు. ఫోన్లో ఉన్నవాడికి మన ముందున్న మలుపు తెలీదు, "వింటున్నావా?" అని అడుగుతాడు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. ఆ "ఆఁ, వింటున్నా" అనేలోపు ఎంత దూరం వెళ్ళిపోతామో లెక్క వేసుకోండి. ఆ ప్రయోగాలు చేసింది కార్ల గురించి. బండికి అదనంగా బ్యాలెన్స్ ఉంది, రోడ్డు మీద ఇసుక ఉంది, గుంతలున్నాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా ఫోన్లో కాల్స్ రాకుండా చేసుకోవడం రెండు నిమిషాల పని, చాలామంది చేయరు. ముఖ్యమైన ఫోన్ వస్తుందేమో అని టెన్షన్. అంత ముఖ్యమైనదైతే పక్కకి ఆపి మాట్లాడాలి.

"వినపడకుండా బండి నడపడమే తప్పు" అనేవాళ్ళకి ఒక ప్రశ్న. చాలా దేశాల్లో చెవిటివాళ్ళు లైసెన్స్ తీసుకుని హాయిగా నడుపుతున్నారు. కారు అద్దాలు మూసి స్టీరియో పెంచుకున్నవాడిని ఎవరూ ఏమీ అనరు. రోడ్డు మీద మనల్ని కాపాడేది ప్రధానంగా కళ్ళే. కాకపోతే చెవిటివాడికి తనకి వినపడదని తెలుసు, అందుకని అద్దాలు మాటిమాటికీ చూస్తాడు, తల తిప్పి చూశాకే లేన్ మారతాడు. పాట వింటున్నవాడు తనకి అన్నీ వినపడుతున్నాయనే అనుకుంటాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోదలచినవాళ్ళు ఆ చూసే అలవాటు కూడా తెచ్చుకోవాలి.

నేను పాటించే పద్ధతి చెబుతాను. ఊళ్ళో చెవులు ఖాళీ. హైవే ఎక్కేముందు ఆగి, హెల్మెట్ తీసి పెట్టుకుంటాను. కదిలే బండి మీద హెల్మెట్ కింద వేలు దూర్చి సర్దుకునే పని మాత్రం చేయను. వాల్యూమ్ బండి ఆపి ఉన్నప్పుడే పెడతాను, పక్కన మనిషి మామూలు గొంతుతో మాట్లాడితే పాట మీదుగా అర్థమయ్యేంత. బయల్దేరాక పెంచను. ఆ వాల్యూమ్‌లో పెట్టిన పాట వేగం పెరిగేకొద్దీ గాలిలో కలిసిపోతే, టిప్ సరిగ్గా కూర్చోలేదనో, నేను మరీ వేగంగా పోతున్నాననో అర్థం. రెండింటిలో ఏదైనా సరిచేయాల్సింది వాల్యూమ్‌ని కాదు. చాలా దూరాలు అసలు ఏమీ పెట్టకుండానే పోతాను, దారి చెప్పే గొంతు మాత్రం అప్పుడప్పుడూ పలుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 40 గంటల దాకా 80 డెసిబెల్స్ ఫరవాలేదంటుంది. మూసిన చెవిలో మిగిలే గాలే దాదాపు అంత ఉన్నప్పుడు, పాటకి దాచుకునే వాటా ఎంతో ఉండదు.

ఇంజను చప్పుడు వినపడక గేరు మార్చడం తెలీదనే ఫిర్యాదు ఒకటుంది. కొన్ని రోజులు ఇబ్బందే. ఆ తర్వాత హ్యాండిల్, ఫుట్‌రెస్ట్ ద్వారా వచ్చే అదురే ఇంజను వేగం చెప్పేస్తుంది. కానీ చైన్ వదులై కొట్టుకోవడం, బ్రేక్ ప్యాడ్ అరిగి కీచుమనడం లాంటివి మూసిన చెవికి ఆలస్యంగా తెలుస్తాయి, అది ఒప్పుకోవాలి. వాటి కోసం వారంలో ఒకసారైనా చెవులు తెరుచుకుని మెల్లగా ఒక చుట్టు తిరిగి రావడం మంచిది.

రోజూ ఊళ్ళోనే తిరిగేవాళ్ళకి, 50 దాటని బండికి, ఇయర్‌ఫోన్లతో పని లేదు. హైవే మీద తిరుగుతూ కూడా వాల్యూమ్ దగ్గర తన మీద తనకి నమ్మకం లేనివాళ్ళు ఫోమ్ ప్లగ్గులతో మొదలుపెట్టొచ్చు. అందులో పెంచడానికి ఏమీ ఉండదు.